తలుపుకు పెట్టిన బొట్టు

మా అమ్మాయి పెండ్లి పత్రిక ఏ భాషలో వేయించాలన్న దగ్గరే మొదటి గొడవ. అమ్మాయి మరాఠీ బడిలో చదివింది, స్నేహితులందరూ మరాఠీవాళ్ళే. మా అత్తమ్మకు తెలుగు తప్ప మరో అక్షరం రాదు. "మీరు మీరు సదువుకునే కార్డేనా? నా మనుమరాలి పెండ్లి నాకెర్క గావద్దా?" అని కత్తిపీట ముందు కూర్చుని దబాయించింది. చివరికి ఒక పక్క తెలుగు, ఒక పక్క మరాఠీ అని తేలింది. మా భివండిలోనే కామత్‌ఘర్ సందులో ప్రెస్సు నడిపే ఆయన నమూనా కార్డుల కట్ట తెచ్చి ముందు పడేస్తే, మా ఆయన అన్నీ తిరగేసి "అన్నీ ఒక్క తీర్గనే ఉన్నయ్ గదనే" అన్నాడు. రోజంతా సాంచాల ముందు, అంటే మరమగ్గాల ముందు, నిలబడి ఒకే రకం గుడ్డ నేసే మనిషికి ఇంకెట్లా కనబడతాయి! ఎరుపు రంగుది నేనే ఏరాను.

పత్రికలు వచ్చాక అంచులకు పసుపు రాసి మొదటిది దేవుడి దగ్గర పెట్టాం. రెండోది మా ఆనవాయితీ ప్రకారం ఆడదాని పుట్టింటికి పోవాలి. మా అమ్మానాన్నలు లేరు. నాకు పుట్టిల్లంటే టెంఘర్‌లో ఉండే మా అన్న ఇల్లే. ఆ రెండో పత్రిక దేవుడి అర మీదే ఉండిపోయింది.

కారణం నిరుడు జరిగిన అన్న కొడుకు పెండ్లి. మాలో పత్రిక ఒట్టి కాగితమే. ఇంటి ఆడవాళ్ళు కుంకుమ భరిణె పట్టుకుని గడపలోకి వచ్చి, నుదుట బొట్టు పెట్టి, "పెండ్లికి రావాలె" అని నోటితో చెప్తేనే పిలిచినట్టు. ఇంటికి తాళం ఉంటే తలుపుకే బొట్టు పెట్టి, పత్రిక సందులో పెట్టి వస్తారు. అదీ పిలుపు కిందే లెక్క. మా అన్న మాత్రం ఫోన్లో కార్డు బొమ్మ పంపాడు. అంతే. వదిన ఇవాళ వస్తుంది, రేపు వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. సొంత చెల్లెల్ని ఫోన్లో పిలుస్తారా? నాకు ఒళ్ళు మండిపోయింది. పెండ్లికి పోలేదు, మా ఆయన్నూ పోనియ్యలేదు. అన్న కూడా ఎందుకు రాలేదని అడగలేదు. షేర్ ఆటో ఎక్కితే దిగిపోయేంత దూరంలో ఉండి మాటల్లేకుండా పోయాయి.

ఇప్పుడు నా బిడ్డ పెండ్లి. పెండ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామ ఎత్తుకుని మండపానికి తేవాలి. నా బిడ్డకు ఉన్నది ఒక్కడే మేనమామ.

"అమ్మా, మామ నాహీ ఆలా తర్?" అని అడిగింది అమ్మాయి. మామ రాకపోతే ఎట్లా అని.

"నా దోస్తు ఎత్తుకుంటడు తీ, వానికి బీములు ఎత్తి ఎత్తి అలవాటే" అన్నాడు మా ఆయన. నూలు చుట్టిన బీమూ నా బిడ్డా ఒకటేనా అని నేను అరిచిన అరుపుకు వరస గదుల మా చాలీ అంతా బయటికొచ్చింది.

శుక్రవారం సాంచాలు బందు. అందరూ ఇళ్ళల్లో ఉంటారు. నా కోసమైతే చచ్చినా పోయేదాన్ని కాదు, బిడ్డ కోసం తప్పదనుకుని భరిణె, పత్రిక తీసుకుని టెంఘర్ ఆటో ఎక్కాను. అన్న మొహం ఎట్లా చూడాలో, మొదటి మాట ఏమనాలో దారంతా అదే ఆలోచన. తీరా పోతే ఇంటికి తాళం. నిజం చెప్పొద్దూ, ప్రాణం లేచొచ్చినట్టయింది. తలుపుకు బొట్టు పెట్టి, గ్రిల్లు సందులో పత్రిక దూర్చి గబగబా మెట్లు దిగబోయాను.

పక్కింటామె బయటికొచ్చింది. మా కరీంనగర్ వైపు మనిషే, నన్ను ఎరుగును. "వాళ్ళు కల్యాణ్ పోయిన్రమ్మా, పొద్దూకినంక వస్తరు. నువ్వు గూడ తలుపుకే పెట్టినవా?" అంది.

"నేను గూడ అంటే ఏంది?"

"మీ వదిన నిరుడు దసరా నాడు మీ ఇంటికొస్తే తాళమున్నదట. తలుపుకు బొట్టు పెట్టి, కార్డు గేటుకు పెట్టి వచ్చిందట. గయినా నువ్వు రాకపోతివని పెండ్లిల ఒకటే ఏడుసుడు."

మెట్ల మీదే ఆగి నిరుటి దసరా గుర్తు చేసుకున్నాను. దసరా పొద్దున మేమంతా, అత్తమ్మతో సహా, షెడ్డులో సాంచాల పూజకు పోయాం. తిరిగొచ్చి మా ఆయన అదే కుంకుమతో సైకిలుకు, ఇంటి తలుపుకు బొట్లు పెట్టాడు. తలుపు మీద అప్పటికే ఒక బొట్టు ఉంది. నేను పెట్టానని ఆయన, అత్తమ్మ పెట్టిందని నేను అనుకున్నాం. దసరా నాడు భివండిలో బొట్టు లేని తలుపు ఉంటుందా? పత్రిక ఎటు జారిపడిందో, వాడిన బంతిపూల తోరణాలతో ఊడ్చుకుపోయిందో, ఆ దేవుడికే తెలియాలి.

ఆ సాయంత్రం ఫోను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చేయలేదు. చేసి ఏం చెప్పను?

మర్నాడు అన్నే వచ్చాడు, వెనక వదిన. పక్కింటామె అంతా చెప్పినట్టుంది. అన్న నా వైపు చూడలేదు. తిన్నగా అమ్మాయి దగ్గరికి పోయి, కిందికీ మీదికీ చూసి, "ఏం దినవెట్టిండ్రే దీనికి? పిల్లా, గంపల కూసున్నంక కదలకు, నా నడుం బాగలేదు" అన్నాడు. అమ్మాయి పకపకా నవ్వింది.

వదిన నడుముకు దోపుకున్న భరిణె తీసింది. ఇప్పుడెందుకు, పిలిచేవాళ్ళం మేము కదా అనబోయాను. ఆమె నా గడ్డం పట్టుకుని నుదుట బొట్టు పెట్టింది.

"గిది నిరుటిది" అంది.