చీర ఉయ్యాలకు నాలుగు గొంతులు

మొన్న ఆదివారం షికాగో పక్కన నేపర్‌విల్‌లో మా అమ్మాయి ఇంట్లో పప్పుకి పోపు వేస్తుండగా బేస్‌మెంట్‌లోంచి ఒక పాట వినబడింది. స్టవ్ ఆపేసి మెట్ల మీదే కూర్చుండిపోయాను. కాలేజీలో చదివే మా మనవరాలు, తన స్నేహితురాళ్ళతో కలిసి, వాయిద్యాలేవీ లేకుండా వట్టి గొంతులతో పాడే పోటీకి ప్రాక్టీసు చేస్తోంది. వాళ్ళు ఎంచుకున్నది, అరవైల్లో ఈ దేశాన్ని ఊపేసిన ఐదుగురు నల్లజాతి గాయకుల బృందం పాట. ఆ ఐదుగురిలో ఇప్పుడెవరూ లేరు. నేను రెండో చరణం అందుకునేసరికి పిల్ల తెల్లబోయి పైకి చూసింది.

“అమ్మమ్మా, నీకు ఈ సాంగ్ ఎలా తెల్సు? ఇట్స్ సో ఓల్డ్!”

నేనూ అంతే పాతదాన్ని కదే అని నవ్వేశాను గానీ, అసలు జవాబు అంత చిన్నది కాదు.

డెబ్బైల్లో షికాగో వచ్చిన మన తరానికి తెలుసు, అప్పట్లో ఇంటి గడప దాటితే తెలుగు మాట చెవిన పడేది కాదు. నేను ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో చేరాను. నా పక్కన పనిచేసే నల్లజాతి ఆవిడ నాకంటే బాగా పెద్దది. వరస కలపకపోతే నాకు తోచదు కనుక అక్కా అన్నాను, అలా సిటీ బస్సు నడిపే ఆవిడ భర్త నాకు బావగారయ్యారు. ఆ ఐదుగురి పాటలంటే ప్రాణం పెట్టే బావగారు, మరో ముగ్గురు మిత్రులతో కలిసి, వాళ్ళలాగే ఒకే రంగు కోట్లు కుట్టించుకుని, చర్చి విందుల్లోనూ పెళ్ళిళ్ళలోనూ పాడేవారు. అందులో అడుగు స్వరం, అంటే అందరికన్నా కింద పలికే బేస్ గొంతు, బావగారిది.

మా అమ్మాయి నెలలు నిండకుండానే పుట్టింది. గుప్పెడు పిల్ల. అద్దాల పెట్టెలో ఉంచారు, బతుకుతుందని ఎవరూ గట్టిగా చెప్పలేదు. నేను కిటికీ ఇవతల నిలబడి చూడటమే, తాకనిచ్చేవారు కాదు. పరీక్షల కోసం ఆ చిన్ని మడమలోంచి రక్తం తీసే పని మాత్రం అక్క అడిగి మరీ తనకు వేయించుకుంది. సూది గుచ్చినప్పుడల్లా ఆ బృందం పాటే కూనిరాగం తీసేదట. బయటికొచ్చి, “హనీ, నీ కూతురు నా పాట వింటే ఏడుపాపి చెవులు రిక్కిస్తోంది, నువ్వూ ఏడుపాపు,” అనేది. ఆ మాట పట్టుకునే నేను ఆ చలికాలం గడిపాను.

పిల్ల ఇంటికొచ్చాక బారసాల పెట్టుకున్నాం. మా అమ్మకి వీసా రాలేదు. ఊళ్ళో తెలిసిన ఒకే ఒక్క తెలుగు కుటుంబం మంచు కురిసి దారులు మూసుకుపోయి రాలేకపోయింది. ఉయ్యాల పాట పాడే ఆడవాళ్ళు లేరు, చీర ఉయ్యాల కడదామంటే అపార్ట్‌మెంట్ కప్పుకి కొక్కెం లేదు. ఫోన్‌లో అక్కతో ఆ సంగతి చెబుతూ బావురుమన్నాను.

“పాడేవాళ్ళే కదా కావాల్సింది? మా ఇంట్లో నలుగురున్నారు, ఉండు,” అంది.

ఆ మంచులోనే వచ్చారు. ఊదారంగు కోట్లతో నలుగురు భారీ మనుషులు గుమ్మంలో బూట్లు విప్పుతుంటే మావారు ఏం చేయాలో తోచక అందరికీ అక్షింతలు పంచేశారు. బియ్యంలో పేరు రాయడం అయ్యాక బావగారు మా అమ్మ నేత చీర ఒక కొస పట్టుకున్నారు, ఆయన మిత్రుడు రెండో కొస పట్టుకున్నాడు, మధ్యలో పిల్లని పడుకోబెట్టాం. మెల్లగా ఊపుతూ నలుగురూ, మొన్న మనవరాలు పాడిన ఆ పాటే పాడారు. జడ పాయల్లా ఆ గొంతులు ఒకదాన్నొకటి చుట్టుకుంటూ పోయాయి. చిన్న చప్పుడైనా కిందనుంచి కర్రతో కప్పు పొడిచే పొరుగు ముసలావిడ పైకొచ్చి, తలుపు దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకుంది.

పాట అయ్యాక బావగారు నావైపు తిరిగి, “ఇప్పుడు మీ అమ్మ పాట,” అన్నారు. మా అమ్మ పాడే జోలపాట ఎత్తుకున్నాను. జో అనే చోట నేను ఆగిపోతే, మాట తెలియకపోయినా ఆయన అడుగున ఒక స్వరం పట్టి నిలిపారు. దాని మీద కాలు మోపి నేను పాట పూర్తిచేశాను.

బావగారు పోయి చాలా ఏళ్ళయింది. అక్క జార్జియాలో కొడుకు దగ్గర ఉంటుంది, ఫోన్ చేస్తే ముందు మా అమ్మాయి క్షేమమే అడుగుతుంది. ఆ ఐదుగురికీ మా సంగతి తెలిసే వీలు లేదు. కానీ ఒక బస్సు డ్రైవరుకి అడుగు స్వరం నేర్పింది వాళ్ళే కనుక, వాళ్ళకీ నేను రుణపడ్డాననే అనుకుంటాను.

ఇప్పుడు మనవాళ్ళ బారసాలలు బాంక్వెట్ హాళ్ళలో జరుగుతున్నాయి. పూలతో అలంకరించిన ఉయ్యాల అద్దెకొస్తుంది, ఏ పాట కావాలన్నా స్పీకర్లోంచి వస్తుంది. పిల్లలు సుఖపడుతున్నారు, సంతోషమే. అయితే మా రోజుల్లో పాట కావాలంటే మనిషిని పిలవాల్సి వచ్చేది, పిలిస్తే ఆ మనిషి మంచులో నడిచి మన ఇంట్లోకి రావాల్సి వచ్చేది. అలా వచ్చినవాళ్ళు పాట అయిపోయాక కూడా మనవాళ్ళుగానే ఉండిపోయేవారు.