క్రోయిడన్‌లో ఒక తాయ్ చీ కుటుంబం, ఒక కప్పు టీ

తాయ్ చీ అంటే పార్కుల్లో పెద్దవాళ్లు నెమ్మదిగా చేసే వ్యాయామం అనే చాలాకాలం అనుకున్నాను. అది కుటుంబాల్లో తండ్రి నుంచి కొడుక్కి దిగివచ్చిన యుద్ధవిద్య అనీ, ఒకప్పుడు కొన్ని ఇళ్లలో బయటివాళ్లకు నేర్పేవారు కాదనీ ఇంగ్లండ్‌లో స్విండన్ అనే ఊళ్లో ఉండే మా పరిచయస్తురాలు శైలజ చెప్పింది. కూచిపూడిలో ఇంటిపేర్లతో సాగిన మేళాల గురించి విన్నవాళ్లకు ఇది వింతగా తోచదు. కాకినాడ నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్న శైలజ, మోకాలి నొప్పి తగ్గుతుందని ఎనిమిదేళ్ల కిందట లండన్ శివారు క్రోయిడన్‌లో లిన్ మాస్టారి దగ్గర చేరింది. ఆ కుటుంబంలో ఆయనది ఐదో తరం. కూతురి పేరు మే, జీపీ సర్జరీలో, అంటే ఫ్యామిలీ డాక్టరు క్లినిక్‌లో, రిసెప్షనిస్టు. విద్య నేర్చుకుంది గానీ, నేర్పే ఆసక్తి లేదు. ఆ శనివారం మాస్టారు శైలజను శిష్యురాలిగా స్వీకరించాల్సి ఉంది. స్వీకరిస్తే స్విండన్‌లో ఆ కుటుంబం పేరు మీద ఆమె క్లాసు పెట్టుకోవచ్చు. లేదంటే మిగతావాళ్లలాగే వారానికోసారి వచ్చిపోయే విద్యార్థినిగా మిగిలిపోతుంది. చూడ్డానికి రమ్మని నన్నూ పిలిచింది.

వాట్‌ఫర్డ్ జంక్షన్‌లో ఎనిమిది దాటాక రైలెక్కి, క్లాపమ్ జంక్షన్‌లో మారి, తొమ్మిదిన్నర ప్రాంతంలో ఈస్ట్ క్రోయిడన్‌లో దిగాను. స్టేషన్ బయటే ట్రామ్ దొరుకుతుంది. ఛార్జీ రెండు పౌండ్ల లోపే. ఎక్కేముందు మెషీన్‌కి బ్యాంకు కార్డు తాకిస్తే చాలు, దిగేటప్పుడు అక్కర్లేదు. అది తెలియక దిగిన చోట నేను మళ్లీ కార్డు తీస్తుంటే, కూరగాయల ట్రాలీతో ఉన్న పెద్దావిడ ఆపింది. ఒకసారి కట్టావు కదా, వాళ్లకంత ప్రేమగా డబ్బులివ్వకు అంది.

క్లాసు ఒక చర్చి హాల్లో. కొత్తవాళ్లకు పది పౌండ్లు. ఒంటికాలి మీద నిలబడాల్సి వచ్చినప్పుడల్లా నేను గోడ పట్టుకున్నాను. మాస్టారు నా జోలికి రాలేదు. శైలజ ఎడమ భుజాన్ని మాత్రం వేలితో తట్టి, ఈ చెయ్యి మళ్లీ ఆలస్యం అన్నారు. చేరిన రోజు నుంచీ ఇదే మాట అని ఆమె నా చెవిలో చెప్పింది.

పన్నెండింటికి మాస్టారి ఫ్లాట్‌కి వెళ్లాం. గోడ మీద తండ్రి, తాతల ఫొటోలు, వాటి కింద మాస్టారి కుర్చీ. శిష్యురాలు మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో టీ అందించాలి. గురువు తాగితే ఒప్పుకున్నట్టు, తాగకపోతే లేదన్నట్టు.

"ఇంటర్వ్యూలక్కూడా ఇంత టెన్షన్ పడలేదండీ అన్నయ్యగారూ," అంది శైలజ. వంటింట్లో కుడుముల్లాంటి డంప్లింగ్స్ ఆవిరికి పెడుతున్న మే, నాన్న తిడితే భయం లేదనీ, మాట్లాడకపోతేనే ఆలోచించాలనీ చెప్పింది.

శైలజ కూర్చుంది. ఎడమచేత్తో ఎవరికీ ఏదీ ఇవ్వకూడదని చిన్నప్పుడు పడ్డ అలవాటు ఆ క్షణంలో గెలిచింది. కుడిచేత్తో కప్పు చాచి, ఎడమచెయ్యి వెనక్కి తీసేసుకుంది. మాస్టారు కప్పు అందుకోలేదు. మాట్లాడలేదు కూడా. వంటింటి గుమ్మంలో మే కదలకుండా నిలబడింది.

చివరికి ఆయన ఇంగ్లీషులో అడిగారు. "రెండో చెయ్యి ఏదీ?"

"మా ఇళ్లల్లో పెద్దవాళ్లకి ఎడమచేత్తో ఇవ్వరండీ. తప్పు."

ఆయన ఆ చేతిని వేలితో చూపించారు. "ఎనిమిదేళ్లు నీ భుజాన్ని తప్పుపట్టాను. ఈ సంగతి మొదటిరోజే చెప్పాల్సింది కదా."

ఇన్నాళ్లూ ఆమె ఫీజు ఫోన్‌లోనే పంపింది. చేతికి ఏదీ ఇచ్చిన సందర్భమే లేదు, అందుకే ఈ అలవాటు ఆయన కంటపడలేదు. శైలజ ఎడమచేతిని ముందుకు తెచ్చి కప్పు కిందికి చేర్చింది. ఆయన తీసుకుని, మొత్తం తాగారు. వచ్చే వారం నుంచి కదలికల వరస అంతా ఎడమవైపు నుంచి మొదలుపెట్టమన్నారు.

"గిన్నెలు కడగడానికి చెల్లెలు దొరికింది," అంది మే. శైలజ కళ్లు తుడుచుకుని చొక్కా చేతులు పైకి మడిచింది. భోజనమయ్యాక నిజంగానే సింక్ దగ్గర నిలబడింది.

తిరుగు రైల్లో నేను ఆలోచించింది ఒక్కటే. ఐదు తరాలు ఇంట్లోవాళ్లే నేర్పుతూ వచ్చిన విద్య ఆరో తరంలో కాకినాడ అమ్మాయికి చేరింది. ఆమెలో సరిదిద్దాల్సింది ఏమిటో ఆయనకు హాల్లో ఎనిమిదేళ్లు చూసినా దొరకలేదు, ఇంట్లో ఒక కప్పు దగ్గర దొరికింది. స్విండన్ క్లాసుకి శైలజ ఇప్పుడు హాలు వెతుకుతోంది.

అలాంటి ఇంటికి వెళ్లేవాళ్లకు ఒక సూచన. పళ్లు తీసుకెళ్లినా, పూలు తీసుకెళ్లినా, రెండు చేతులతో ఇవ్వండి.