ఖాలా చెప్పిన పర్సోం

మా పక్కింటి ఖాలా పోయి ఈ శుక్రవారానికి నలభై మూడు రోజులు. ఆ గురువారం పొద్దున నేను నల్లా కింద బిందె పెట్టి నిలబడి ఉంటే, ఆమె కోడలు గోడ మీదుగా చూసి, "చాచా, అమ్మీ లేస్తలేదు" అన్నది. బిందె అట్లాగే వదిలి పరుగెత్తాను. ఖాలా నిద్రపోయినట్టే ఉంది. తలాపున తమలపాకుల పాన్‌దాన్ మూత తీసే ఉంది. మా ఇంటి ముందు బిందె నిండి, నీళ్ళు పొర్లి గల్లీలోకి పోతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఎవరూ వెళ్ళి తీయలేదు.

నేను ఏడో తరగతితో చదువు ఆపినవాణ్ణి. ముప్పై ఏండ్లు బస్సు డిపోలో ఇంజన్లు విప్పి బిగించినవాణ్ణి. ఇట్లాంటివి రాయడం నాకు చేతకాదు. కానీ నాకు మనవరాలు పుట్టింది. ఆ సంతోషం మీతో చెప్పుకోవాలంటే ఖాలా సంగతి చెప్పక తప్పదు. కాబట్టి ఎక్కడైనా ఎక్కువ మాట్లాడితే, ముసలివాడు మురిసిపోతున్నాడని అనుకొని క్షమించండి.

ఆమె నాకంటే ఆరేండ్లే పెద్ద. మొఘల్‌పురాలో మా గల్లీ అంతా ఖాలా, అంటే పిన్ని, అనేది కాబట్టి నేనూ ఖాలా అన్నాను. ఆస్పత్రులకు వెళ్ళడం అలవాటు కాకముందు ఈ చుట్టుపక్కల పురుళ్ళన్నీ ఆమే పోసింది. మా బిడ్డ కూడా ఆమె చేతుల్లోకే వచ్చింది. ఆ రోజు వాన కురుస్తుంటే నేను అరుగు మీద వణుకుతూ కూర్చున్నాను. ఆమె బయటికి వచ్చి, నా చేతిలో ఒక పాన్ పెట్టి, "ఆడపిల్ల. నీ తీరే లొల్లి జేస్తున్నది" అన్నది. అప్పటి నుంచి నేను పాన్ తింటున్నాను.

ఆమెకు ఒక మాట ఊతపదం. పర్సోం. ఉర్దూలో మొన్న అన్నా అదే, ఎల్లుండి అన్నా అదే. ఖాలా దాన్ని ఇంకా సాగదీసింది. ఇరవై ఏండ్ల కింద చనిపోయిన భర్త గురించి చెప్పినా, పర్సోం ఇక్కడే కూర్చున్నాడు అనేది. వచ్చే ఏడు పెండ్లి ఉంటే పర్సోం పెండ్లి అనేది. ఒకసారి ఆమె మాట నమ్మి నేనూ మా ఇంటావిడా కొత్త బట్టలు కట్టుకొని ఒక దావత్‌కు వెళ్ళాం. తీరా చూస్తే అది మూడు నెలల తర్వాత. తిరిగి వచ్చి కోపం చేస్తే పకపకా నవ్వి, "మీకు మొన్న వేరే, ఎల్లుండి వేరే. గిన్ని మాటలెందుకు భాయ్? పోయింది గూడ పర్సోమే, వచ్చేది గూడ పర్సోమే" అన్నది.

ఇక మా బిడ్డ సంగతి. అల్లుడు మస్కట్‌లో ఏసీ మెకానిక్. పెండ్లయిన ఏడాదికే ఇద్దరూ అక్కడికి వెళ్ళారు. మొదటి కడుపు మూడో నెలలో పోయింది. రెండోది నాలుగో నెలలో పోయింది. మూడోసారి నిలిచిందని ఉత్తరం వచ్చినప్పుడు మా ఇంట్లో ఎవరూ సంతోషించలేదు. భయపడ్డాం. అక్కడ బిడ్డకు ఇంకా భయం. కిటికీలు మూసిన గదిలో కూర్చొని క్యాలెండర్ మీద రోజులు కొట్టేస్తూ ఏడ్చేదట. అది చూడలేక అల్లుడు ప్రతి శుక్రవారం, అక్కడ అదే సెలవు కదా, ఆమెను ఎక్కడికో ఒకచోటికి తీసుకుపోవడం మొదలుపెట్టాడు. డాక్టరమ్మ కూడా మంచిదే అన్నదట.

ఉత్తరాలకు బదులు క్యాసెట్లు పంపేవారు. సెలవు మీద వచ్చేవాళ్ళ చేతికి ఇస్తే, నేను మలక్‌పేటకో సైదాబాద్‌కో సైకిల్ మీద పోయి తెచ్చుకునేవాణ్ణి. శుక్రవారం మా పాతబస్తీలో దుకాణాలు బంద్. ఆ రోజు ఖాలా అరుగు మీద టేప్‌రికార్డర్ పెట్టుకొని అందరం వినేవాళ్ళం.

మొదటి క్యాసెట్ పెట్టగానే ఖర్‌ర్‌మని ఒకటే చప్పుడు. ఆగింది, మళ్ళీ వచ్చింది. మిషన్ చెడిపోయిందని నేను మూత విప్పబోయాను. ఖాలా దానికి ఒక దెబ్బ కూడా వేసింది. అప్పుడు బిడ్డ గొంతు నవ్వుతూ వచ్చింది: "బాపూ, గా చప్పుడు సముద్రానిది." ఎండ ఎక్కకముందే తెల్లవారుజామున పోయి, అల్లుడు అలల దగ్గర రికార్డర్ పట్టుకున్నాడట. సముద్రం నేనూ చూడలేదు, ఖాలా కూడా చూడలేదు. ఆ చప్పుడు ఆమె మూడుసార్లు వెనక్కి తిప్పించుకొని విన్నది. మూడోసారి కండ్లు మూసుకున్నది.

ఇంకో శుక్రవారం కొండల మధ్య ఖర్జూర తోటకు పోయారు. రాతి కాలువలో కాళ్ళు పెట్టి కూర్చుంటే పాదాలు చల్లబడ్డాయని, ఎన్నో నెలలకు ఆ రోజు కడుపు నిండా తిన్నానని బిడ్డ చెప్పింది. ఖాలా నా వైపు చూసి తల ఊపింది. అమ్మ కూర్చుంటే లోపలి బిడ్డ కూడా కూర్చుంటుందని, అమ్మ తిరిగితే అదీ తిరుగుతుందని, తిరిగిన బిడ్డకే దారి తెలుస్తుందని ఆమె ఎప్పుడూ అనేది.

అయిదో నెల నడుస్తుండగా వచ్చిన క్యాసెట్ నా ప్రాణం తీసింది. సలాలా అనే ఊరికి పోతారట. అక్కడ ఎండాకాలంలో మబ్బులు కిందికి దిగి తుంపర పడుతుందట, కొబ్బరి చెట్లు ఉంటాయట. కానీ కారులో ఒకటిన్నర రోజు ఎడారి ప్రయాణం. ముప్పై ఏండ్లు బండ్ల కింద పడుకున్నవాణ్ణి. ఎక్కడ ఏ బోల్టు ఊడుతుందో, కుదుపు ఎక్కడ తగులుతుందో నాకు తెలుసు. పాత నష్టాలు రెండూ కండ్ల ముందు నిలిచాయి. వెంటనే ఖాళీ క్యాసెట్ పెట్టి, క్షేమం అడిగి, తర్వాత అరగంట తిట్టాను. అల్లుణ్ణి కూడా వదలలేదు. ఇల్లు కదిలితే నా మీద ఒట్టు అన్నాను.

ఖాలా పక్కనే కూర్చొని తమలపాకుకు సున్నం రాస్తూ వింటున్నది. నా గొంతు సరిగ్గా పడిందో లేదో చూద్దామని టేపు మొదటికి తిప్పి, ఒక్క మాట విని ఆపాను. అంతలో నల్లా వచ్చింది. ఖాలా తనూ రెండు మాటలు చెప్తానన్నది. ఏ రెండు బటన్లు కలిపి నొక్కాలో చూపించి నేను బిందెల వైపు పరుగెత్తాను. అన్నీ నింపి వచ్చేసరికి మిషన్ దానంతటదే ఆగిపోయి ఉంది. ఖాలా, "అయిపోయింది భాయ్. ఫికర్ నక్కో" అని భరోసా ఇచ్చింది. మర్నాడే క్యాసెట్ పంపేశాను.

ఏడో నెలలో బిడ్డ కాన్పుకు ఇంటికి వచ్చింది. ఆ కడుపు చూసి నేను చిన్నపిల్లాడిలా ఏడ్చాను. రెండు రోజులు ఆగి, సలాలా పోలేదు కదా, నా మాట విన్నావు కదా అని అడిగాను.

"ఏం మాట బాపూ? పోయినం గద" అన్నది.

నేను తిట్టిన తిట్లన్నీ గుర్తు చేశాను. ఆమె మొహం చూస్తే ఒక్కటీ తెలిసినట్టు లేదు. లేచి పెట్టెలోంచి అదే క్యాసెట్ తీసి పెట్టింది. "బిడ్డా, బాగున్నరా" అని నా గొంతు. టక్‌మన్నది. ఆ వెంటనే ఖాలా. ఆ తర్వాత మా గల్లీ. నేను టేపు మొదట్లోనే ఆపి వదిలితే, ఖాలా మాటలు నా తిట్ల మీదనే పడ్డాయి. ఆమె ఆపలేదు కాబట్టి, మిగిలిన తిట్ల మీద గల్లీ చప్పుడు పడింది.

"నువ్వు వద్దంటే పోకపోదును బాపూ" అన్నది బిడ్డ మెల్లగా. "గా తుంపర్ల నిలబడ్డప్పుడే లోపల ఫస్టు తన్నింది. గప్పటి సంది నేను రోజులు లెక్కబెట్టలే."

గోడ దగ్గరికి పోయి ఖాలాను పిలిచి అడిగాను. తెలిసే చేసిందా? ఆమె పాన్‌దాన్ తెరిచి, వక్కల్లోకి చూస్తూ, "మిషన్ సంగతి నాకేం ఎరుక భాయ్?" అన్నది. నా మొహం వైపు మాత్రం చూడలేదు. నేను రెట్టించలేదు. తప్పు నాదే కావచ్చు. నా జీవితంలో అంత మంచి తప్పు ఇంకొకటి చేయలేదు.

తొమ్మిదో నెలలో ఒక బుధవారం సాయంత్రం ఖాలా మా ఇంటికి వచ్చింది. అప్పటికే ఆయాసం, గోడ పట్టుకొని నడుస్తున్నది. బిడ్డ కడుపు మీద చెయ్యి పెట్టి, "పర్సోం" అన్నది. నేను నవ్వి, ఇది నీ పర్సోమా, క్యాలెండర్ పర్సోమా అని అడిగాను. ఆమె కూడా నవ్వింది. డాక్టర్లు ఇంకా పది రోజులు ఉందన్నారు.

గురువారం ఖాలా పోయింది. శుక్రవారం పొద్దున ఆస్పత్రిలో మనవరాలు పుట్టింది. ముప్పై ఏండ్లలో మొదటిసారి ఆమె పర్సోం అంటే నిజంగా ఎల్లుండే అయింది. నర్సమ్మ ఆడపిల్ల అనగానే, నా చెయ్యి పాన్ కోసం దానంతటదే ముందుకు సాగింది.

ఈ రోజు శుక్రవారం. పసిదాన్ని మొదటిసారి గడప దాటించాం. బిడ్డ దాన్ని ఎత్తుకొని, "పాపా, గిది నీ మొదటి ట్రిప్పు" అని పక్కింటి అరుగు మీద కూర్చున్నది. ఖాలా కోడలు దాన్ని ఒళ్ళోకి తీసుకొని చెవిలో ఏదో చెప్పింది. నేను టేప్‌రికార్డర్ తెచ్చి ఆ క్యాసెట్ పెట్టాను.

"బిడ్డా, బాగున్నరా." టక్. "బేటీ, పోయి రా. వానల నిలబడు, లోపలిదానికి గూడ చూపియ్యి. ఎట్లుందో నాకొచ్చి చెప్పు. పర్సోం నేను దాన్ని ఎత్తుకుంటా."

తర్వాత పాన్‌దాన్ మూత పడ్డ చప్పుడు. పిచ్చుకలు. గాజులమ్మేవాడి కేక. దూరంగా నా బిందెలో నీళ్ళు పడుతున్న చప్పుడు, ముందు గట్టిగా, నిండేకొద్దీ సన్నగా. పసిది ఆ పెట్టె వైపే చూస్తూ చూస్తూ కండ్లు మూసింది. నా చెయ్యి బటన్ దాకా పోయింది. బిడ్డ వద్దని తల ఊపింది. టేపు తిరుగుతూనే ఉంది.