కుమ్మక్కు

"మంచి మొగుణ్ని వదిలించుకునే సెక్షను ఈ చట్టంలో లేదమ్మా" అన్నారు నల్లకుంట వకీలు గారు. ఎగతాళికి కాదు, ఉన్న సంగతే చెప్పారు. అప్పటికే ఆయన అడగవలసినవన్నీ అడిగేశారు. కొడతాడా? లేదు. ఇంకో ఆడమనిషి ఉందా? నాకు నవ్వొచ్చింది. మతం మారాడా, మతి చెడిందా, కుష్టు ఉందా, సన్యాసం తీసుకున్నాడా, ఏళ్ల తరబడి ఆచూకీ లేకుండా పోయాడా? ప్రతిదానికీ లేదు, లేదు అంటూంటే నా మొగుడి మంచితనానికి నేనే సాక్ష్యం చెబుతున్నట్టు అనిపించి ఒళ్లు మండింది.

అరవైల చివరి రోజులవి. ఇద్దరూ ఇష్టపడి విడిపోవచ్చన్న మాట అప్పటి చట్టంలో లేదు. ఎవరిదో ఒకరిది తప్పయి తీరాలి. యూనివర్సిటీలో పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పుకునే నాకు ఈ సంగతి తెలియదు. ఇద్దరం కలిసి వెళ్లి ఒక సంతకం పెట్టేస్తే సరిపోతుందనుకున్నాను.

మేం చదువుకున్నది ఆ క్యాంపస్‌లోనే. ఆయనది వరంగల్ వైపు రైతుల ఇల్లు. మాది కోస్తా నుంచి వచ్చి నల్లకుంటలో స్థిరపడిన కుటుంబం. రెండు వైపులా అలిగినా లెక్కచేయకుండా పెళ్లి చేసుకుని, తార్నాకలో ఒక వాటా అద్దెకు తీసుకున్నాం. ఆయన నీటిపారుదల శాఖలో ఉద్యోగి. బస్సులో కండక్టరు టికెట్టు ఇవ్వడం మరిచిపోతే దిగాక కూడా వెనకాల పరుగెత్తి డబ్బులిచ్చే రకం. నేను అలిగితే వంట చేసేవాడు. అరిస్తే రేడియో తగ్గించి శ్రద్ధగా వినేవాడు. పోట్లాడదామంటే మనిషి దొరకని ఇల్లు అది. ఆయన పట్ల నాకు గౌరవం ఉండేది, ప్రేమ అయిపోయింది. ఎప్పుడు అయిపోయిందో కూడా నేను గమనించలేదు. ఇందులో ఆయన చేసిన తప్పు ఒక్కటీ లేదు. ఈ మాట ఇప్పుడు రాయడం తేలికే, అప్పుడు కోర్టు కాగితం మీద రాయలేదు.

ఆయనతో చెప్పిన సాయంత్రం, రేడియో పూర్తిగా కట్టేసి విన్నాడు. తర్వాత, "నీకెట్ల మంచిగుంటే అట్లనే చేద్దాం" అన్నాడు. చేద్దాం అన్నాడు కదా, అంటే ఇద్దరం కలిసే కదా అనుకున్నాను. ఆ ఒక్క మాటను పట్టుకునే నేను ఆ తర్వాతి రోజులన్నీ నెట్టుకొచ్చాను.

వకీలు గారు చూపించిన దారి ఇది. ముందు ఆయన ఇల్లు వదిలి వెళ్లిపోవాలి. కారణం లేకుండా నన్ను వదిలేశాడు, తిరిగి కాపురానికి రమ్మని ఆజ్ఞాపించండి అని నేను కోర్టును వేడుకోవాలి. కోర్టు రమ్మంటుంది. ఆయన రాకూడదు. అలా రెండేళ్లు గడిస్తే, రాలేదు కనక విడాకులివ్వండి అని మళ్లీ అర్జీ పెట్టుకోవాలి. అయితే ఇదంతా మేమిద్దరం అనుకుని చేస్తున్నట్టు ఎక్కడా పొక్కకూడదు. దాన్ని కోర్టువారు కుమ్మక్కు అంటారట. కుమ్మక్కని తేలితే కేసు కొట్టేస్తారట.

ఖర్చు సగం తను ఇస్తానన్నాడు మా ఆయన. నేనది చెప్పగానే వకీలు గారు రెండు చెవులూ మూసుకుని, అంతకన్నా పెద్ద కుమ్మక్కు ఇంకోటి లేదమ్మా, ఆ మాట నాకు చెప్పకండి అన్నారు. ఇల్లు చేరేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆయన ఒక ట్రంకుపెట్టె, పక్కబట్టలు చుట్టిన హోల్డాలు తీసుకుని అంబర్‌పేటలో గదికి మారిపోయాడు. కారణం లేకుండా వదిలేసి పోయాడన్న కాగితం మీద నేను సంతకం పెట్టాను. ఆయన కోర్టుకు రాలేదు, ఆయన పరోక్షంలోనే ఆర్డరు వచ్చింది. యూనివర్సిటీలో సంగతి పాకింది. తోటి లెక్చరర్లు నన్ను చూసి జాలిపడ్డారు. ఒకావిడ మాగాయ పచ్చడి తెచ్చిచ్చి, అంత మెత్తగా కనిపించేవాడు చూడు, ఎంత పని చేశాడో అని ఆయన్ను దుమ్మెత్తిపోసింది. నేను కాదనలేదు. పచ్చడి చాలా బాగుంది, నెలరోజులు తిన్నాను.

ఒకసారి వకీలు గారిని ఊరికే అడిగినట్టు అడిగాను, ఆయనే తిరిగొస్తే ఏమవుతుందని.

"పెట్టే బేడా పట్టుకుని కాపురానికొచ్చాడు, మీరు రానివ్వలేదు అనుకోండి. కోర్టు మాట విన్నది ఆయన, విననిది మీరు. ఇక మీకు విడాకులు రావు" అన్నారు. ఆయనెందుకొస్తాడు, చేద్దాం అన్నది ఆయనే కదా అని ధైర్యం చెప్పుకున్నాను.

రెండో దసరాకు వచ్చాడు. వాళ్ల వైపు దసరా సాయంత్రం జమ్మి ఆకును బంగారమంటూ ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుంటారు. పెళ్లయిన ఏడు నాకు అది నేర్పింది ఆయనే. రిక్షా దిగి వచ్చి, ముందు పక్క వాటాలో ఉండే ఇంటి యజమానురాలికి ఆకు ఇచ్చి కాళ్లకు మొక్కాడు. తర్వాత నా చేతిలో పెట్టాడు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. గ్లాసుతో మంచినీళ్లు వరండాలోకే తెచ్చిచ్చాను.

పెద్దావిడ ఊరుకోలేదు. "సొంతింటికొచ్చినోన్ని గడప బయట నిలవెట్టుడేంది బిడ్డా? లోపటికి రమ్మను" అన్నది.

నేను రమ్మనలేదు. కోర్టు ద్వారా రమ్మని అడిగినదాన్ని, నోటితో ఆ మాట అనలేకపోయాను. అప్పుడే రిక్షాలో హోల్డాలు కనిపించింది. నేను చూడటం ఆయన చూశాడు.

"ఆఫీసు పని మీద క్యాంపుంది. పొయ్యేటప్పుడు బంగారం ఇచ్చిపోదామని వచ్చిన" అన్నాడు.

సరేనన్నాను. వెళ్లి రండి అనబోయి, 'రండి' దగ్గర భయమేసి ఆగిపోయాను. ఉత్త "వెళ్లండి" అన్నాను. మన ఇళ్లలో పాలవాడితో కూడా అలా అనం. ఆయన తలూపి రిక్షా ఎక్కాడు. రిక్షా సికింద్రాబాద్ స్టేషను వైపు వెళ్లలేదు. వచ్చిన దారినే, యూనివర్సిటీ వైపు తిరిగింది. దసరా పూట క్యాంపేమిటన్నది నాకు ఆ క్షణానే తట్టింది. తట్టనట్టు లోపలికి వెళ్లి తలుపేసుకున్నాను.

గడువు తీరాక విడాకుల అర్జీ వేశాం. ఈసారి ఆయన స్వయంగా రావాలని జడ్జిగారు పట్టుబట్టారు. కండక్టరు వెంట పరుగెత్తే మనిషి బోనెక్కి అబద్ధం ఎలా చెబుతాడు? జమ్మి, హోల్డాలు, వరండా, మంచినీళ్లు, జరిగింది జరిగినట్టు చెబితే చాలు, నా జీవితం మళ్లీ మొదటికొస్తుంది. చెబితే ఆయన్ను తప్పుపట్టే హక్కు కూడా నాకు లేదు.

కోర్టు ఆర్డరు తర్వాత ఆమె ఇంటికి కాపురానికి ఎప్పుడన్నా వెళ్లారా అని జడ్జిగారు తెలుగులోనే అడిగారు. ఆయన నా వైపు ఒక్కసారి చూశాడు.

"పోలేదు సార్."

"ఎందుకు వెళ్లలేదు?"

"నాకు ఇష్టం లేకుండె."

జడ్జిగారు గట్టిగా చీవాట్లు పెట్టారు. చదువుకున్నవాడివి, ఉద్యోగస్తుడివి, పిలిచిన భార్యను ఇలా ఉసురుపెడతావా అన్నారు. ఆయన తల వంచుకుని అంతా విన్నాడు. నేను లేచి ఒక్క మాట అని ఉండవచ్చు. కూర్చునే ఉన్నాను.

విడాకులు వచ్చాయి. తీర్పులో, ఉభయుల మధ్య కుమ్మక్కు లేదని కోర్టువారు నమ్మినట్టు ఒక వాక్యం ఉంది. వకీలు గారు దాన్ని రెండుసార్లు చదివి వినిపించి, గట్టెక్కామమ్మా అని మురిసిపోయారు. కోర్టును ఏమార్చామని ఆయన సంబరం. నాకు మాత్రం ఆ వాక్యం నిజమని అర్థమైంది. కుమ్మక్కుకు ఇద్దరు కావాలి. కావాలనుకున్నది నేనొక్కదాన్నే, ఆయన ఇచ్చాడంతే.

కోర్టు గేటు దగ్గర ఆయన ఎదురుపడ్డాడు. అలవాటు కొద్దీ, "పోయొస్త మరి" అన్నాడు. వెళ్లి రండి అనడానికి ఇక ఏ చట్టమూ అడ్డం లేదు. నేను తల మాత్రం ఊపాను.