మేస్త్రి వదిలిన మూల

మేస్త్రి తాపీ పట్టుకునే ముందు చేతులు జోడించి దేవుణ్ణి తలుచుకుంటాడు. ఏ ఇల్లు కట్టినా మూలలు ఆయనవే. మూల నిటారుగా లేస్తే, దానికి దారం కట్టి మధ్య వరసలు మిగతావాళ్లు నింపుకుంటూ పోతారు. మూల వంకరపోతే ఇల్లంతా వంకరే. అందుకే మూల కట్టేవాడికి కూలీ ఎక్కువ, మర్యాదా ఎక్కువే. అలాంటి చెయ్యి ఒకసారి తప్పు చేసింది.

ఆయన బావమరిది మరమగ్గాల షెడ్డులో పనిచేసేవాడు. బయటి దేశాల నుంచి చవక గుడ్డ వచ్చిపడేసరికి షెడ్డులు ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయి. మగ్గాలు పాత ఇనుము కింద అమ్ముడుపోయాయి. అదే కాలంలో సముద్రం అవతల మేడలు లేస్తున్నాయి. అక్కడ కట్టే చేతులు చాలక ఇక్కడికొచ్చి వెతుక్కుంటున్నారు. ఇక్కడ నెలంతా చేస్తే వచ్చే కూలీ అక్కడ వారంలో వస్తుందంటే ఎవరి కాలు నిలుస్తుంది? నిన్నటిదాకా తాపీ ముట్టనివాళ్లు కూడా మేస్త్రీలమంటూ బయల్దేరారు.

"మా తమ్ముడికి నేర్పి పంపరాదూ? పోగు తప్పకుండా నేసినవాడు ఇటుక వంకరగా పెడతాడా?" అంది భార్య.

"పోగు తెగితే ముడేస్తారే. గోడ పడితే ఏం వేస్తారు?" అన్నాడు మేస్త్రి. అన్నాడే గాని, మర్నాటి నుంచే నేర్పడం మొదలుపెట్టాడు.

అక్కడికి మనుషుల్ని తీసుకెళ్లే కంపెనీవాళ్లు పరీక్ష పెట్టింది ఒక ఖాళీ స్థలంలో. అక్కడ ఇటుకలూ మాలూ అందించే పని మేస్త్రిదే. ఒక్కొక్కరూ ఒక మూల కట్టి చూపించాలి. ఇటుకలు మళ్లీ పనికి రావాలని మాలులో సిమెంటు కలపలేదు, ఉత్త మట్టే. చివరికి వెళ్లేవాళ్లలో మిగిలింది ఒకే చోటు, దానికి ఇద్దరు మనుషులు. ఒకడు బావమరిది. రెండోవాడు ఏ పనైనా తాపీగా చేసేవాడు కాబట్టి అందరూ 'నిదానం' అని పిలిచే పెద్దాయన. కంగారులో బావమరిది గోడ నిటారు చూసే తూకం గుండు ఇంట్లో మరిచి వచ్చాడు. నిదానం తనది తీసి ఇచ్చాడు.

"తీసుకో నాయనా, నాది అయిపోయిందిలే."

గుండు వేలాడదీస్తే బావమరిది గోడ కడుపు ఉబ్బినట్టు బయటికొచ్చి ఉంది. పరీక్షించే ఆయన టీ తాగడానికి అటు తిరిగాడు. మేస్త్రి అరచేయి గోడకు ఆనింది. ఒక్క నెట్టు. పచ్చి మాలు కదా, గోడ నిటారైంది.

పరీక్షించే ఆయన తిరిగొచ్చి గుండు పట్టి చూశాడు. రెండూ సమానమే. ఇద్దరి మొహాలూ చూసి, వయసులో ఉన్నవాణ్ణి తీసుకున్నాడు.

నిదానం పనికోసం మేస్త్రి దగ్గరికే వచ్చాడు. మధ్య వరసలు నింపేవాడు. మధ్యాహ్నం అన్నం విప్పితే ముందు మేస్త్రి వైపు జరిపేవాడు. మేస్త్రి ఆకలి లేదని లేచిపోయేవాడు.

ఒకరోజు ఆ అన్నాల వేళే బావమరిది ఫోన్ చేశాడు.

"బావా, ఇక్కడ వేరే దేశపు ముసలాయన ఒకడున్నాడు. ఆయన మాట నాకు రాదు, నా మాట ఆయనకు రాదు. సూపర్‌వైజర్ వచ్చేలోపు నా ఇటుకలు అరచేత్తో సరిచేసి పోతాడు. అచ్చం నీలాగే!" అని పకపకా నవ్వాడు.

మేస్త్రి నవ్వలేకపోయాడు. తను పెట్టిన భారం ఎక్కడో ఎవరో ముసలాయన మోస్తున్నాడు. దేవుడా, ఆయన చేతులు చల్లగా ఉండనీ అనుకున్నాడు. ఆ సాయంత్రమే కంపెనీ ఏజెంటు దగ్గరికి పరిగెత్తాడు.

"నిదానాన్ని ఈసారి పంపించండి బాబూ."

"ఆయన్నా? అక్కడ పనులు తగ్గాయి మేస్త్రీ. ఇప్పుడు కుర్రాళ్లనే తీసుకుంటున్నారు. అప్పుడే వెళ్లాల్సింది."

మర్నాడు పొద్దున, ఇంకా ఎవరూ రాకముందే, ఇటుకల కుప్ప దగ్గర మేస్త్రి నోరు తెరిచాడు.

"అన్నా, ఆ రోజు మావాడి గోడ నేను నెట్టాను. ఆ చోటు నీది."

నిదానం ఇటుకలు తడుపుతూనే ఉన్నాడు. "చూశాను మేస్త్రీ."

"మరి ఒక్క మాటైనా అనలేదే?"

"నెట్టాక ఒకసారి నా వైపు చూస్తారనుకున్నాను. చూడలేదు. తర్వాత మీ దగ్గరే పనికి రావాల్సొచ్చింది. ఇంక ఏమంటాను? ఇంట్లో పొయ్యి వెలగాలి కదా."

మేస్త్రి తన గుండు తీసి నిదానం చేతిలో పెట్టాడు. "ఇకనుంచి మూల నీది. దాని కూలీ కూడా నీదే."

నిదానం వద్దనలేదు. మూల కట్టి, దారం లాగాడు. మేస్త్రి ఆ దారం పట్టుకుని మధ్య వరస పేర్చుకుంటూ వచ్చాడు.

"మేస్త్రీ, ఆ ఇటుక బయటికొచ్చింది."

మేస్త్రి అరచేయి అలవాటుగా లేచింది. నిదానం తల అడ్డంగా ఊపి, అక్కడే నిలబడ్డాడు. మేస్త్రి చెయ్యి దించి, ఇటుక ఊడదీసి, మాలు గీకేసి, మళ్లీ మొదటి నుంచి పెట్టాడు.