మ్యాట్నీ నిద్రలు

పోయిన ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి నన్నూ మా ఆవిడనూ హైటెక్ సిటీ దగ్గరి మాల్‌లో సినిమాకు తీసుకువెళ్లింది. పక్కనున్న మీట నొక్కితే కాళ్లు పైకి లేచి, వీపు వెనక్కి వాలే కుర్చీలవి. అడిగినవాళ్లకు కప్పుకోవడానికి దుప్పటి కూడా ఇస్తున్నారు. పేర్లు పడటం పూర్తికాకముందే మా ఆవిడ కుడి అరచెయ్యి చెంప కింద పెట్టుకుని హాయిగా నిద్రలోకి జారుకుంది. ఇంత ఖర్చుపెట్టి తీసుకొస్తే అమ్మ పడుకుందేమిటి నాన్నా అని మా అమ్మాయి నా చెవిలో విసుక్కుంది. మీ అమ్మ సినిమా హాల్లో నిద్రపోవడం వెనక ఒక స్టూడియో కథే ఉందమ్మా అని చెబుదామనుకున్నాను గానీ, ఈలోగా తెర మీద మోత మొదలై నా మాట నాకే వినిపించలేదు. అక్కడ చెప్పలేకపోయినది ఇక్కడ మీకు చెబుతాను. హాలు ముందు ‘హౌస్‌ఫుల్’ బోర్డు చూసి నిట్టూర్చి వెనక్కి తిరిగిన వయసువాళ్లకు నేను పెద్దగా వివరించనక్కరలేదు.

తొంభైల చివరి సంవత్సరాల్లో నేను ఉద్యోగం చేసిన స్టూడియో మాదాపూర్ వైపు, పెద్దపెద్ద గుండ్రాళ్ల మధ్య ఉండేది. అప్పటికి అక్కడ బస్సు దిగితే మనుషులకన్నా మేకలే ఎక్కువ కనిపించేవి. దూరంగా కొత్త ఆఫీసుల భవనాలు ఒక్కొక్కటే లేస్తుండేవి; బండలు పేల్చినప్పుడల్లా మా కిటికీ అద్దాలు గలగలలాడేవి, లోపల షూటింగు జరుగుతుంటే ఆ షాటు మళ్లీ తీయవలసి వచ్చేది. మాకు మూడు ఫ్లోర్లు ఉండేవి. ఫ్లోరంటే ఇప్పటి పిల్లలు అంతస్తు అనుకుంటారు. మాకు మాత్రం ఫ్లోరంటే సెట్లు వేసి షూటింగు చేసుకునే పెద్ద షెడ్డు. మా యజమానిని అందరం పెద్దాయన అనేవాళ్లం. కృష్ణా జిల్లా నుంచి వచ్చి, ఎన్నో పెద్ద సినిమాలు తీసి, ఒకప్పుడు ఆయన బొమ్మ విడుదలవుతోందంటే తక్కినవాళ్లు తమ సినిమాలు వాయిదా వేసుకునేంతగా ఎదిగిన మనిషి.

నా పని హాళ్ల నుంచి వచ్చే రోజువారీ కలెక్షన్ కాగితాలను ఒక పొడుగాటి షీటులోకి ఎక్కించడం. ఏ ఊరు, ఏ హాలు, ఏ ఆటకు ఎంత వచ్చింది అన్నీ రాశాక చివర ‘రిమార్కులు’ అని ఒక సన్నని గడి ఉండేది. ఇతర ఆఫీసుల్లో దాన్ని ఖాళీగా వదిలేసేవారు గానీ పెద్దాయనకు ఆ గడి మీదే చూపంతా. వాన పడింది, పదో తరగతి పరీక్షలు, ఎదుటి హాల్లో కొత్త బొమ్మ, ఆడవాళ్లు బాగా వస్తున్నారు, ఇలాంటివి రాసేవాళ్లం. అంకెలు తర్వాత చూద్దాంలే, ముందు ఆ చివరి గడి చదవవోయ్ అనేవారు కళ్లు మూసుకుని.

ఆ వేసవి నాటికి మా స్టూడియో పరిస్థితి ఏమీ బాగాలేదు. వరసగా మూడు సినిమాలు బోల్తా కొట్టాయి. ఫ్లోర్లున్న స్థలం అమ్మమని కొత్త ఆఫీసు భవనాలు కట్టేవాళ్లు వెంటపడుతున్నారు. నాలుగో సినిమాగా ఒక కుటుంబ కథ తీసి ఏప్రిల్ చివర్లో విడుదల చేస్తే, రెండో వారానికే హాళ్లన్నీ ఈగలు తోలుకోవడం మొదలుపెట్టాయి. ఒక్కచోట తప్ప. కూకట్‌పల్లిలోని ఒక ఏసీ హాల్లో మా సినిమా మ్యాట్నీ రోజురోజుకీ పెరుగుతూ వచ్చింది. మిగతా మూడు ఆటలకూ పట్టుమని పదిమంది లేరు, మ్యాట్నీ మాత్రం బాల్కనీ నిండుతోంది!

ఆ అంకె చూసిన రోజు పెద్దాయన ముఖంలో కనిపించిన వెలుగు నాకిప్పటికీ గుర్తే. ఆడవాళ్లు కదిలారోయ్, ఆ హాలు పక్క కాలనీ నిండా మన కోస్తావాళ్లే, అక్కడ మొదలైతే ఊరంతా పాకుతుంది అన్నారు. ఇక స్థలం అమ్మేది లేదనీ, ఫ్లోర్లు తాకట్టు పెట్టయినా ఇదే తరహాలో ఇంకో కుటుంబ కథ మొదలుపెడతాననీ నిశ్చయించుకున్నారు. అయినా పాతకాలపు జాగ్రత్త ఆయనకు పోలేదు. స్థలం కొనేవాళ్లకు సోమవారం జవాబు చెప్పాలి, ఈలోగా నువ్వెళ్లి చూసొచ్చి ఆ గడిలో ఏం రాయాలో అది రాయి, నీ మాట మీదే ఉంటాను అని శుక్రవారం నాడు నన్ను పంపించారు. ఫ్లోర్లు పోతే మా ఉద్యోగాలు పోతాయి. ఫ్లోర్లు తాకట్టుపెట్టి తీసిన సినిమా కూడా పోతే పెద్దాయనకు ఉన్న ఇల్లు కూడా మిగలదు. ఇదంతా మోసుకుని నేను బస్సెక్కాను.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మాకు పెళ్లయి అప్పటికి ఏడాది. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో, డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన ఒకే ఒక గది మాది. అమెరికా డాక్టర్లు టేపుల్లో చెప్పిన మాటలు విని టైపు చేసే ఆఫీసులు కొత్తగా వచ్చిన రోజులవి. మా ఆవిడ ఇంగ్లీషు బాగా చదువుకున్నది కావడంతో అటువంటి ఆఫీసులోనే చేరింది. వాళ్లకు పగలైనప్పుడు మనకు రాత్రి కాబట్టి ఆమె పనంతా రాత్రే. తెల్లవారాక ఆఫీసు వ్యాను తెచ్చి దింపేది. ఆమె వచ్చేసరికి నేను కాఫీ పెట్టి, ఇద్దరం ఒక గంట మాట్లాడుకున్నాక నేను బయల్దేరేవాణ్ణి. మా గది పైకప్పు రేకులు. పక్క స్థలంలో అపార్టుమెంటు కడుతూ పొద్దుటినుంచీ గ్రానైటు కోసేవారు. పగలు నిద్ర పడుతోందా అని నేనడగడం, బ్రహ్మాండంగా పడుతోందండీ అని ఆమె అనడం మాకు రోజూ ఉండేదే. ఆ మాట నమ్మేసి ఊరుకున్నానంటే నా తెలివి ఏపాటిదో మీరే గ్రహించండి.

నేను హాలుకు చేరేసరికి ఆట మొదలైంది. టార్చిలైటు పట్టుకుని సీట్లు చూపించే పెద్దమనిషిది మియాపూర్ పక్క ఊరు. చెరువు గట్టున ఉన్న పొలం ప్లాట్లయిపోయాక ఈ పనిలో కుదిరాడట. స్టూడియో నుంచి వచ్చానని తెలిసి ఆయన నా వంక జాలిగా చూశాడు.

“బొమ్మ ఆగినా ఎవ్వరు అడుగుతలేరు సారూ. ఏసీ ఆగితే మాత్రం అందరు ఒక్కసారే లేస్తున్రు” అన్నాడు. నాకు అర్థం కాలేదు. “జర లోపలికి వొయ్యి చూడుండ్రి, మీకే సమజైతది” అని బాల్కనీ తలుపు తీశాడు.

లోపల తెర మీద తల్లీకొడుకులు విడిపోతున్నారు. రాసినప్పుడు మా కథారచయిత కళ్లనీళ్లు పెట్టుకున్న ఘట్టమది. హాల్లో ఏడుపు లేదు, ఈల లేదు, ఒక్క దగ్గు కూడా లేదు. కళ్లు చీకటికి అలవాటుపడ్డాక చూద్దును కదా, వరసలకు వరసలు నిద్రపోతున్నాయి! మెడలో ఆఫీసు కార్డులు వేలాడుతుండగా, ముఖాన చేతిరుమాళ్లు కప్పుకుని, పక్కవాడి భుజం మీద తలలు వాల్చి, పాతికేళ్లు నిండని పిల్లలు చల్లటి గాలికి ఒళ్లెరగకుండా పడుకుని ఉన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియక అలాగే నిలబడిపోయాను. అంతలో ఆడవాళ్ల వైపు రెండో వరసలో, కుడి అరచెయ్యి చెంప కింద పెట్టుకుని పడుకున్న మనిషి కనిపించింది. మా ఆవిడ!

పక్క సీటు ఖాళీగా ఉంటే వెళ్లి కూర్చున్నాను. లేపలేదు. కళ్ల కింద ఆ నలుపు ఇన్నాళ్లూ నేనెందుకు చూడలేదా అని నన్ను నేను తిట్టుకుంటూ, మా సినిమాను ‘శుభం’ పడేదాకా చూశాను. నిజం చెప్పొద్దూ, అంత బాగా ఏమీ లేదు. దీపాలు వెలిగాక ఆమె కళ్లు తెరిచి నన్ను చూసి, కల అనుకుందో ఏమో, మొదట నవ్వింది.

తర్వాత ఉలిక్కిపడి “మీరేంటండీ ఇక్కడ?” అంది.

మెట్లు దిగుతూ మొత్తం చెప్పింది. గదిలో ఎండకూ ఆ కోత మోతకూ కన్ను మూతపడటం లేదట. నాతో చెబితే ఉద్యోగం మానెయ్యమంటానని, మా స్టూడియో ఇవాళో రేపో అన్నట్టుండగా ఆ మాట రానివ్వకూడదని ఊరుకుందట. “ఎలాగూ ఎక్కడో ఒకచోట పడుకోవాలి కదండీ, ఆ టికెట్టేదో మన సినిమాకే కొందామనుకున్నాను. వ్యానులో వాళ్లందరికీ నేనే చెప్పాను, వాళ్లు ఇంకో పదిమందికి చెప్పారు” అంది, కొంచెం గర్వంగానే. ఆ మ్యాట్నీని నమ్ముకుని పెద్దాయన ఏం చేయబోతున్నారో నేను చెప్పాక ఆమె నడిరోడ్డు మీద ఆగిపోయింది. కొంగుతో ముఖం తుడుచుకుని, “ఉన్నది ఉన్నట్టు రాసెయ్యండి. ఆయన ఇల్లు పోకూడదు” అంది.

మర్నాడు షీటు ముందు పెట్టుకుని కూర్చుంటే చెయ్యి కదలలేదు. జనం నిద్ర కోసం వస్తున్నారు అని ఒక సినిమా గురించి, అది తీసిన మనిషికి ఎలా రాయను? పది చిత్తు కాగితాలు నలిపి పారేశాక, కూకట్‌పల్లికి ఎదురుగా ఆ సన్నని గడిలో రెండే మాటలు రాశాను. “ఏసీ బాగుంది.”

పెద్దాయన ఎప్పటిలా కళ్లు మూసుకుని వింటూ, ఆ గడి దగ్గర కళ్లు తెరిచారు. ఇంకోసారి చదవమన్నారు. చదివాను. పద పోదాం అని లేచి, మధ్యాహ్నానికి తన తెల్ల అంబాసిడర్‌లో నన్నూ ఎక్కించుకుని కూకట్‌పల్లి వచ్చారు. బాల్కనీ చివరి వరసలో ఇద్దరం కూర్చున్నాం. ఆయన తెర వైపు చూడలేదు. ఒక్కొక్క వరసనూ, ఒక్కొక్క వాలిన తలనూ, ఇంట్లో నిద్రపోయే పిల్లల్ని చూసుకున్నట్టు చూస్తూ ఉండిపోయారు. రెండో వరసలో మా ఆవిడ కూడా ఉంటుందని దారిలోనే చెప్పేశాను. కాసేపటికి సంతలో జరిగే ఫైటు వస్తుందని నాకు తెలుసు. ఆ ఫైటు శబ్దాల కోసం ఆయన మద్రాసు వెళ్లి పదిహేను రోజులు కూర్చుని వచ్చారు. సౌండు తగ్గించిన హాలువాళ్లతో కొట్లాటకు దిగిన సందర్భాలు నేనెరుగుదును. ఆ ఫైటుకు ముందు ఆయన టార్చిలైటు పెద్దమనిషిని చేత్తో పిలిచారు.

“ఆపరేటర్ గారితో చెప్పి కాస్త సౌండు తగ్గించమనండి. పిల్లలు పడుకున్నారు” అన్నారు.

నేను తల తిప్పుకున్నాను. నా కళ్లనీళ్లు ఆయన చూడకూడదని అలా చేశానో, ఆయన ముఖం నేను చూడకూడదని చేశానో ఇప్పుడు చెప్పలేను.

సోమవారం నాడు స్థలం ఇచ్చేస్తున్నట్టు ఆయన కబురు పంపారు. అయితే ఇంకొక పని కూడా చేశారు, అది సినిమా ట్రేడులో ఎవరికీ అర్థం కాలేదు. ఆ వచ్చే శుక్రవారం నుంచి కూకట్‌పల్లి హాల్లో ఒక పెద్ద హీరో సినిమా నాలుగు ఆటలూ పడవలసి ఉంటే, హాలు యజమానితో తనకున్న నలభై ఏళ్ల పరిచయాన్నంతా ఒక్క మ్యాట్నీ కోసం ఖర్చుపెట్టి, వానలు పడేదాకా ఆ ఒక్క ఆటకూ మన బొమ్మే ఉంచమని అడిగి ఒప్పించారు. హీరో సినిమా అయితే ఈలలూ చప్పట్లూ ఉంటాయి కదా, ఆ పిల్లలెక్కడికి పోతారోయ్ అని నాతో మాత్రం అన్నారు. సౌండు సంగతి కూడా చెప్పి ఉంచారు. అలా ఆ సినిమా యాభై రోజులు ఆడింది. పత్రికలవాళ్లు వెక్కిరించారు. పోస్టరు మీద యాభై రోజులని వేసుకోవడం కోసం ముసలాయన ఖాళీ హాల్లో బొమ్మ ఆడిస్తున్నాడని అన్నవాళ్లున్నారు. వయసు మీదపడి పంతం పెరిగిందని మా ఆఫీసువాళ్లే అనుకున్నారు. ఆయన ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు, నన్ను చెప్పనివ్వలేదు. మృగశిర కార్తె వెళ్లి మంచి వాన పడిన వారానికి, ఇక చాల్లే అని బొమ్మ తీయించేశారు. అదే మా స్టూడియో ఆఖరి సినిమా.

స్థలం కొన్నవాళ్లు స్టూడియో మనుషుల్లో కొందరికి పనులిచ్చి తీరాలని ఆయన పట్టుబట్టడంతో, ఆ స్థలంలో లేచిన భవనంలోనే నాకూ ఒక ఉద్యోగం దొరికి, అక్కడే పదవీ విరమణ చేశాను. ఎన్నో ఫ్లోరులో మీ సీటు అని కొత్తగా చేరినవాళ్లు అడిగితే, రెండో ఫ్లోరు షెడ్డు పక్కన అని చెప్పబోయి నాలుక కరుచుకునేవాణ్ణి. పెద్దాయన పోయి చాలా కాలమైంది. కూకట్‌పల్లి హాలు కూడా పోయింది. ఇప్పుడా చోట బట్టల దుకాణం ఉంది, దాని ముందునుంచే మెట్రో వెళుతుంది. ఆ బాల్కనీలో పడుకున్న పిల్లలు ఇప్పుడు జుట్టు నెరిసి, మియాపూర్‌లోనో లింగంపల్లిలోనో సొంత ఫ్లాట్లలో ఏసీ వేసుకుని, నిద్ర పట్టక మాత్రలు మింగుతూ ఉంటారేమో. ఒకాయన తన సినిమా గొంతు తానే తగ్గించి వాళ్లను నిద్రపుచ్చాడని వాళ్లలో ఎవరికీ తెలియదు.

మొన్న మాల్‌లో తెర మీద బాంబులు పేలుతుంటే మా ఆవిడ నిద్రలో ముఖం చిట్లించింది. కాస్త సౌండు తగ్గించమందామని లేచి చుట్టూ చూశాను. టార్చిలైటు పట్టుకున్న మనిషి లేడు. బయట పాప్‌కార్న్ అమ్మే అమ్మాయిని అడిగితే, “అదంతా ఆటోమేటిక్ అంకుల్, ఇక్కడ ఎవరూ ఉండరు” అంది. తిరిగి వచ్చి కూర్చుని, సినిమా అయ్యేదాకా నా చెయ్యి ఆమె చెవి మీద అడ్డం పెట్టి ఉంచాను.