మా అమ్మ కాదన్న రోజు

నా చిన్నప్పుడు ఇంగ్లీషంటే నాకు గుండెదడ. కొత్తపేట దగ్గర మా ఊళ్లో పక్కింటి టీచరమ్మగారు సాయంత్రాలు నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకుని చదివించేవారు. ఏడో తరగతిలో ఒక రోజు ‘టర్న్ డౌన్’ దగ్గర ఆగిపోయాను. అర్థం ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదే! “రేపు చూద్దాంలే, ఇంటికెళ్లు” అని ఆవిడే విసిగి పంపేశారు.

ఇంటికి వచ్చేసరికి కామందుగారి భార్య వాకిట్లో కూర్చుని ఉన్నారు. మా అమ్మ ఊడ్పులకూ కోతలకూ వెళ్లేది వాళ్ల చేలోకే. వాళ్లమ్మాయి పురిటికి వచ్చిందట, పసిబిడ్డను ఎత్తుకోవడానికి నన్ను పంపమని అడుగుతున్నారు. బడి మానేయాలి గానీ, మూడు పూటలా తిండీ, బట్టలూ వాళ్లే చూసుకుంటారు. మంచి మనసుతోనే అడిగారావిడ. నిజం చెప్పొద్దూ, నాకు వెళ్లాలనే ఉంది. వాళ్లింట్లో రోజూ చేపల కూరేనని విన్నాను మరి!

ఆ ఇంటివాళ్లు ఏం చెప్పినా మా అమ్మ “ఆయ్” అనడమే తప్ప ఎదురు చెప్పగా నేనెన్నడూ వినలేదు. ఆ రోజు మాత్రం చేతులు కట్టుకుని నిలబడి, “ఏమనుకోకండి అమ్మగారూ, పిల్లని పంపనండి. చదువుకుంటుందండి” అంది.

“పిచ్చిదానా, దీనికి ఇంతకన్నా మంచి చోటు దొరుకుతుందటే?”

“దొరకదండి. అయినా పంపనండి.”

అమ్మ మాట మార్చలేదు. ఆవిడ లేచి వెళ్లిపోయారు. ఆ ఏడు వాళ్ల చేలో మాకు పని లేదు. అమ్మ రోజూ కాలవ దాటి పొరుగూరు నడిచి వెళ్లి ఊడ్పులు ఊడ్చింది.

ఆ సాయంత్రం చేపల కూర పోయిందని నేను దడి పక్కన ఏడుస్తుంటే, అంతా విన్న టీచరమ్మగారు అవతల నుంచి పిలిచారు. “ఏడుపెందుకే వెర్రిమొహమా! టర్న్ డౌన్ అంటే ఇదే. ఎదుటివాళ్లు ఇస్తామన్నది మంచిదే అయినా, వద్దని చెప్పడం. ఎలా చెప్పాలో కూడా చూశావుగా?”

తర్వాత నేనూ ఇంగ్లీషు టీచరునై ముప్పై ఏళ్లు చెప్పాను. ఏటా ఆ మాట వచ్చినప్పుడు పిల్లలు డిక్షనరీలో చూసి ‘తిరస్కరించుట’ అని రాసుకొచ్చేవారు. తప్పని కొట్టేయలేదు. పుస్తకాలు మూయించి మా అమ్మ సంగతి చెప్పేదాన్ని. ఆవిడకు సంతకం పెట్టడం రాదు, వేలిముద్రే. కానీ ఆ ఇంగ్లీషు మాట అర్థం ఆవిడకు తెలిసినంతగా తెలిసిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.